చెరిపేసిన ప్రశ్న

"ఏవండీ, మా అమ్మ ఇరవై ఆరేళ్ళుగా మా నాన్న పేరు పలకలేదండి. ఆవిణ్ణి కూడా పోలీసులకి పట్టిస్తారా?"

సిల్వియా లేచి అలా అడిగేసరికి హాలంతా గొల్లున నవ్వింది.

ఏలూరులో ఒక హోటల్ పై అంతస్తులో ఆ రోజు ఎయిర్‌పోర్టు సిబ్బందికి ట్రైనింగ్. మాయమాటలు చెప్పి ఆడపిల్లలను విమానాలెక్కించి అమ్మేసే వాళ్ళను కౌంటర్ దగ్గరే ఎలా గుర్తుపట్టాలో చెప్పడానికి ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చాడు నెల్సన్. అతనికి పాతికేళ్ళుంటాయేమో. బోర్డు మీద 'పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంది?', 'ఎక్కడికి వెళుతోందో తనకు తెలుసా?' అని రాసి, మూడోదిగా 'భర్త పేరు చెప్పగలదా?' అని రాశాడు. తంటా అక్కడే వచ్చింది.

నెల్సన్ చెవులు ఎర్రబడ్డాయి.

"మీదే ఊరండి?"

"ఆకివీడండి."

"మాది పెంటపాడు. మా అమ్మ కూడా పలకదు లెండి. మామూలుగా అయితే 'ఇదిగో' అంటుంది. కోపమొస్తే 'నెల్సన్ వాళ్ళ నాన్నా' అంటుంది."

మళ్ళీ నవ్వులు. అతను డస్టర్ తీసుకుని మూడో ప్రశ్న చెరిపేశాడు. "మీరే గెలిచారండి."

సాయంత్రం బస్టాండులో ఇద్దరూ ఒకే రేకు కింద చిక్కుకుపోయారు. వాన దంచి కొడుతోంది.

"నా క్లాసు పాడుచేసినందుకు మీరు టీ ఇప్పించాలండి," అన్నాడు నెల్సన్.

"నిద్రపోతున్న వాళ్ళను లేపినందుకు మీరే ఇప్పించాలి."

అతను నవ్వాడు. ఆమె వాన వైపు చూస్తున్నట్టు నటించింది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయినా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

పదిహేను రోజుల తర్వాత ఎయిర్‌పోర్టులో సిల్వియా కౌంటర్‌కి ఒక జంట వచ్చింది. ఆయనకు నలభై దాటాయి. పిల్లకు పంతొమ్మిదో, ఇరవయ్యో. మస్కట్ ప్రయాణం. రెండు పాస్‌పోర్టులూ ఆయన చేతిలోనే ఉన్నాయి.

సిల్వియాకు అనుమానం వచ్చింది. "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగింది.

ఆ పిల్ల తల దించుకుంది. కౌంటర్ అంచును గట్టిగా పట్టుకుంది.

"సిగ్గండి," అన్నాడాయన నవ్వుతూ. "మా వైపు పేరు పలకరు కదండీ."

అవును కదా అనుకుంది సిల్వియా. తనూ నవ్వి, బోర్డింగ్ పాస్‌లు ఆయన చేతికిచ్చింది.

నెల తిరక్కుండా నెల్సన్ ఒక ఫొటో పట్టుకుని వచ్చాడు. ఈసారి అతని ముఖంలో నవ్వు లేదు.

"ఈ అమ్మాయి పేరు దుర్గాభవాని. వాళ్ళమ్మ కొల్లేటి లంకలో ఉంటుంది. మస్కట్‌లో ఇంటిపని ఇప్పిస్తానని ఎవడో తీసుకెళ్ళాడట. దిగిన దగ్గర్నుంచీ ఫోన్ లేదట. మీ కౌంటర్ మీదుగానే..."

సిల్వియా ఫొటో చూసింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"నేను నవ్వానండి. ఆ పిల్ల ముఖంలోకి చూసి నవ్వాను."

"బోర్డు మీద చెరిపింది నేను."

"చెరిపించింది నేను. నన్ను వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి."

మర్నాడు పొద్దున్నే అతని బండి మీద వెళ్ళారు. దారి పొడవునా చేపల చెరువులే. దుర్గాభవాని తల్లి చంద్రకళ చేపల షెడ్డులో ఐసు గడ్డలు పగలగొడుతోంది. సిల్వియా జరిగిందంతా దాచకుండా చెప్పింది. పేరు చెప్పకపోతే సిగ్గనుకున్నానని కూడా చెప్పింది.

చంద్రకళ సుత్తి కింద పెట్టింది.

"మా పిల్లకి పెళ్ళే కాలేదమ్మా. ఎవరి పేరు చెబుతుంది?"

సిల్వియా కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడింది. "ఈ ఉద్యోగం మానేస్తానండి," అంది.

"మానేస్తే నాకేం ఒరుగుతుంది? వాడు ఇంకో పిల్లని తీసుకొస్తాడు. అప్పుడక్కడ నువ్వన్నా ఉండు."

తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద బండి ఆగింది. నెల్సన్ సంచిలోంచి కాగితాలు తీసి, మూడో ప్రశ్న మళ్ళీ రాయబోయాడు.

"అది కాదండి," అంది సిల్వియా. "అత్తగారి ఊరేదని అడగమనండి. మన వైపు అది చెప్పడానికి ఎవరికీ సిగ్గుండదు. అడిగేది మాత్రం మగమనిషిని పక్కకు పంపాకే."

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పక్క కౌంటర్ నుంచి ఒక గొంతు వినిపించింది. "సిగ్గండి. మా వైపు పేరు పలకరు కదండీ."

సిల్వియా తల తిప్పి చూసింది. అదే మనిషి. పక్కన వేరే పిల్ల.

ఆమె లేచి వెళ్ళింది. "సార్, మీరు ఈ ఫారం నింపండి. అమ్మా, మీ బ్యాగు చూడాలి, ఇలా రండి," అని ఆ పిల్లను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"మీ అత్తగారిదే ఊరమ్మా?"

ఆ పిల్ల ఎటో చూసింది. తర్వాత ఒక్కసారిగా సిల్వియా చెయ్యి పట్టేసుకుంది. "అక్కా, నన్ను పంపించకండి."

సిల్వియా అక్కణ్ణుంచే ఫోన్ చేసి పోలీసులను పిలిచింది. అతని ఫోనులో మస్కట్ అడ్రసు దొరికింది. ఆ అడ్రసు నుంచి దుర్గాభవానిని బయటికి తేవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఆమె వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు బయట చంద్రకళ పక్కన నెల్సన్, సిల్వియా నిలబడ్డారు. దుర్గాభవాని చాలా చిక్కిపోయింది. తల్లి భుజం మీద వాలి ఏడవలేదు, ఊరికే నిలబడింది. కాసేపటికి సిల్వియాను గుర్తుపట్టింది.

"ఆ రోజు మీరు నవ్వారు. మీకు అర్థమైందేమో, ఆపుతారేమో అనుకున్నానండి."

సిల్వియా చేతులు జోడించింది. దుర్గాభవాని ఆ చేతుల వైపు చూసి, తల్లితో కారెక్కింది.

కారు వెళ్ళిపోయాక ఇద్దరే మిగిలారు. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"రేపు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవాలంటే భయంగా ఉందండి," అంది సిల్వియా.

"గేటు దాకా నేనొస్తాను."

"రేపొక్కరోజేనా?"

"మీరు రావద్దనే దాకా వస్తాను."

సిల్వియా తడి చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

"నేను అననండి."