తెర మీద లేవని ముల్లు

"ఫోన్ ఆపావంటే నీకేదో అయిందనే అనుకుంటాను. ఆ తర్వాత నా గుండె ఆగితే నాకు తెలీదు," అంది తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"కంప్యూటర్లు బాగుచేసేవాళ్లకి ఏమవుతుందమ్మా?"

"కరెంటుతో పని. ఏమైనా అవుతుంది!"

కూతురు సీక్రెట్ ఏజెంట్ అని ఆ తల్లికి తెలియదు. డిపార్ట్‌మెంటులో ఆమెను పిచ్చుక అంటారు.

బ్రీఫింగులో చీఫ్ నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. "రేడియో టెలిస్కోపుకి తొమ్మిది కన్వర్టర్ కార్డులు. ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్‌ని అంకెలుగా మారుస్తాయి. ఒకటి నకిలీ. అది బిగిస్తే శత్రువు ఉపగ్రహం మనకి కనిపించదు. ఐదింటికి వాటిని తీసుకెళ్లే లారీ వస్తుంది, ఈలోగా నకిలీది పట్టుకో. వాటిని పరీక్షించే ల్యాబ్‌లో మన మనిషి ఉంది. కోడ్ వర్డ్ 'చలెక్కువ'."

ల్యాబ్‌లోకి వెళ్లేవాళ్లు గుమ్మం దగ్గరి ఇనప్పెట్టెలో ఫోన్ పెట్టాలి. టెక్నీషియన్ వేషంలో ఉన్న పిచ్చుక, అమ్మకు భయపడి, సాక్సులో దోపుకుంది.

"ఇక్కడ చలెక్కువ," అంది నల్లకళ్లద్దాల నిపుణురాలు, పెర్ఫ్యూమ్ గుప్పుమనిపిస్తూ.

పరీక్ష మొదలైంది. కార్డులోకి ఒకే స్వరం పంపితే తెర మీద ఒకే గీత లేవాలి. లేచింది. పక్కనే ముల్లులా ఇంకోటీ లేచింది.

"ఎవరి దగ్గరో ఫోనుంది! దాని సిగ్నలే ఇది!" ఇంజినీరు జుట్టు పీక్కున్నాడు.

సాక్సులో ఫోన్ గిలగిలలాడింది. పిచ్చుక కేబుళ్లు మార్చింది, మరలు బిగించింది, లోలోపల అమ్మను తిట్టుకుంది. రెండో కార్డుకీ ముల్లే, ఎనిమిదో దానికీ ముల్లే. నాలుగూ యాభై అయింది. నకిలీ జాడ లేదు.

తొమ్మిదోది నున్నగా వచ్చింది.

"ఇదొక్కటే బంగారం!" అన్నాడు ఇంజినీరు. నిపుణురాలు చటుక్కున పాస్ ముద్ర వేసింది.

కానీ సాక్సు ఇంకా వణుకుతూనే ఉంది!

ఫోన్ మోగుతుంటే ముల్లేది? ఈ కార్డు కొలవడం లేదు, ముందే బట్టీపట్టిన పాఠం అప్పజెబుతోంది. నకిలీ ఇదే, దానికి ముద్ర వేసిన మన మనిషీ నకిలీయే.

"అది కింద పెట్టండి మేడమ్."

మేడమ్ లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన తుపాకీ గొట్టం. పిచ్చుక గ్యాస్ పెన్ను నొక్కింది. అది సిరా కక్కింది, అంతే. తిట్టుకుంటూ ఇనప్పెట్టె మూత విసిరింది. తుపాకీ ఎగిరిపడింది. బయట లారీ హారన్ కొట్టింది. ఐదు.

అరవై మూడో కాల్ వచ్చింది. పిచ్చుక ఎత్తింది.

"అమ్మా, నువ్వు బంగారం. ఇక రోజూ ఇలాగే ఫోన్ చేస్తూ ఉండు."



"ఎవరు నువ్వు?" అవతలి నుంచి కేకేసింది తల్లి. "నా కూతుర్ని ఏం చేశావు?"