వెనక సీటు – పద్నాలుగు కిలోలు

ఎనిమిదింటికి కూతురు అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని లేతు షాపుకి బయలుదేరింది. "వస్తానమ్మా" అంది గుమ్మంలోంచి. కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే "ఊఁ" అంది తల్లి. ఆ ఇంట్లో ఉదయం పూట మాటలు అంతే. సాయంత్రం "తిన్నావా", "తిన్నాను" అనే రెండు మాటలు కలుస్తాయి.

గేటు చప్పుడు సద్దుమణిగాక తల్లి మిషను ఆపి టీ కలుపుకుంది. వేడి గ్లాసుని గుడ్డతో పట్టుకుని పెరటి తలుపు తీసి రేకుల షెడ్డులోకి వెళ్లింది. రోజూ వెళ్లినట్టే టార్పాలిన్ అంచు పైకెత్తి, కారు ఎడమవైపు వెనక తలుపు తీసి, ముందు గ్లాసు చెయ్యి లోపల పెట్టి, చూడకుండానే కూర్చుంది.

కూర్చోవాల్సిన చోట సీటు లేదు. ఒళ్లు జానెడు కిందికి జారి, చల్లటి వట్టి రేకు మీద ధబ్బున పడింది. టీ సగం మోకాళ్ల మీద ఒలికింది.

కాసేపు ఏం జరిగిందో ఆమెకు అర్థం కాలేదు. చేత్తో తడిమి చూసింది. బోల్టులు పీకిన రంధ్రాలు, కొంచెం తుప్పు, ఎప్పటిదో ఒక పిన్నీసు. అంతే.

రెండేళ్ల మూడు నెలల కిందటి వరకు ఆ కారు ఆ ఇంటికి అన్నం పెట్టిన టాక్సీ. ఆమె భర్త ముప్పై ఏళ్లు దాన్ని నడిపాడు. గిరాకీ లేని రోజు ఇంటికొచ్చి, వెనక తలుపు తీసి పట్టుకుని, "ఎక్కడికి వెళ్లాలి మేడమ్?" అనేవాడు. ఆమె బింకంగా ఎక్కి కూర్చుని, "ఎక్కడికైనా పోనియ్. మీటరు వెయ్యకు" అనేది. ఆ చోటు నుంచి చూస్తే అతని చెంప, చెవి వెనక పుట్టుమచ్చ కనిపించేవి. అతను పోయాక, కూతురు పనికి వెళ్లాక, ఆమె రోజూ పదినిమిషాలు అక్కడే కూర్చుని టీ తాగేది. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

నాలుగు నెలలుగా కూతురు సాయంత్రాలు ఆ బండి దగ్గరే గడుపుతోందని ఆమెకు తెలుసు. గ్రైండరు అరుపు వంటింట్లోకి వినిపించేది. అమ్మడానికి బాగు చేస్తోందేమోనని అనుమానం. అడిగితే అవునంటుందని భయం. అందుకని అడగలేదు. డ్రైవరు సీటు పోయి, దాని చోట తొట్టెలాంటి ఇరుకు సీటు వచ్చినప్పుడు కూడా నోరు మెదపలేదు. ముందు సగం కూతురిది, వెనక సగం తనది అని మనసులోనే పంచుకుని ఊరుకుంది. ఆ పంపకం కూతురికి తెలియదు కదా.

లేచి, తడిసిన బట్ట పిండుకుంటూ, ఎప్పుడూ వెళ్లని బానెట్ వైపు వెళ్లింది. గోడ మీద సుద్దముక్కతో కూతురి రాత ఉంది. స్టెప్నీ – 15. కింద పరిచిన పట్టా – 8. టాక్సీ బోర్డు – 2. ఇంకా ఏవేవో. చిట్టచివర: వెనక సీటు – 14.

*

దారం కొనడానికి వెళ్లిన తల్లికి మలుపులో ఉన్న టీకొట్టు ముందు ఆ సీటు కనిపించింది. రెండు ఇటుక వరసల మీద నిలబెట్టారు. ముదురు గోధుమరంగు రెగ్జిన్, తెల్ల అంచు, ఎడమ మూల నీలం రంగు అతుకు. ఆ అతుకు ఆమే వేసింది. ఎవరో ప్రయాణికుడి గొడుగు ములికి గుచ్చుకుని చిరిగితే, ఆ రంగు గుడ్డ దొరక్క నీలంది వేసి, నెల రోజులపాటు భర్త చేత దెప్పించుకుంది.

దాని మీద ముగ్గురు మనుషులు కూర్చుని టీ తాగుతూ, ఎవరి గురించో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు.

"రా వదినా" అన్నాడు టీకొట్టాయన. ఆమె భర్తని అతను అన్నా అని పిలిచేవాడు. "మీ అమ్మాయి పుణ్యమా అని నా కొట్టుకి దర్జా వచ్చింది. బెంచీ విరిగిన దగ్గర్నుంచీ నిలబడి తాగి పోయేవాళ్లు. ఇప్పుడు లేవమన్నా లేవట్లేదు. కూర్చో, టీ ఇస్తా."

"వద్దులే. తాగాను" అంది ఆమె. సగమే తాగిన సంగతి చెప్పలేదు. దారం కొనడం మరిచిపోయి ఇంటికొచ్చింది.

*

సాయంత్రం కూతురు వచ్చేసరికి తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. కూతురి జుట్టులో లేతు దగ్గర ఎగిరిన ఇనప పొట్టు మెరుస్తోంది.

"మన బండి సీటు టీకొట్టు ముందు ఎందుకుందే?"

"ఓ, అదా! పాత ఇనుముకి వెయ్యడం ఎందుకని బాబాయికిచ్చా. బెంచీ విరిగిందని ఏడుస్తున్నాడు." కూతురు చెప్పులు విప్పుతూ అంది. "బరువు తగ్గించాలమ్మా. పద్నాలుగు కిలోలుంది అది."

"ఎవరికే బరువయింది?"

"బండికి."

"ఏం, బండిని నువ్వు నెత్తిన పెట్టుకుని మోస్తున్నావా?"

కూతురు ఆగి తల్లి ముఖంలోకి చూసింది. ఇన్ని మాటలు ఒకేసారి విని చాలా కాలమైంది. "ఎల్లుండి ఆదివారం మూతపడ్డ మిల్లు మైదానంలో డ్రిఫ్టింగ్ ఉంది. అందరూ బళ్లు తెస్తారు. నేనూ తీసుకెళ్తున్నా."

"అంటే?"

"అంటే మలుపులో వెనక చక్రాల్ని కావాలని జారనిచ్చి, బండిని అడ్డంగా నడపడం. ఇప్పటి కార్లని ముందు చక్రాలు లాగుతాయి. మనది వెనక చక్రాలు తోసే పాత రకం. అందుకే దీనికి బాగా వస్తుంది. వెనక రెండు చక్రాలూ కలిసే తిరిగేలా ఇరుసులో వెల్డింగ్ చేశా. స్టీరింగ్ ఇంకాస్త తిరిగేలా కడ్డీలు నేనే లేతు మీద చేసుకున్నా. వెనక చక్రాల్ని పట్టెయ్యడానికి చేతి బ్రేకు ఇంకోటి పెట్టా."

"మీ నాన్న ముప్పై ఏళ్లు బండిని తిన్నగా నడపడానికి తంటాలు పడ్డాడు. నువ్వు అడ్డంగా నడపడానికి పడుతున్నావా?"

ఇంకోరోజైతే ఆ మాటకి ఇద్దరూ నవ్వేవాళ్లే.

"నన్నొక్క మాట అడిగావా?" అంది తల్లి.

"అడిగితే ఏమంటావు? ఊఁ అంటావు." కూతురి గొంతు పెరిగింది. "రెండేళ్లుగా నువ్వు నాతో అన్న మాటలన్నీ ఒక్క కాగితం మీద పట్టేస్తాయి. నాన్న పోయిన వారానికే బండి మీద టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించేశావు. మళ్లీ దాని ముఖం చూళ్లేదు. నాన్న పేరెత్తితే మిషను గట్టిగా తొక్కుతావు. పోనీలే, అమ్మకి ఆ బండంటేనే గిట్టట్లేదు, నా తిప్పలేవో నేను పడదామనుకున్నా."

రోజూ చూస్తున్నానే, అనబోయింది తల్లి. కానీ వేరే మాట వచ్చింది. "నా చేత్తో కుట్టిన సీటు మీద ఎవరెవరో కూర్చుంటున్నారు."

"సీటన్నాక కూర్చోడానికే కదమ్మా! షెడ్డులో ఎవరు కూర్చుంటున్నారు దాని మీద?"

తల్లి వెనక్కి తిరిగింది. వెళ్లి మిషను ముందు కూర్చుంది. దారం లేదు. అయినా వట్టి సూదితోనే కాసేపు తొక్కింది.

*

మర్నాడు లేతు షాపుకి సగం పూటే. మధ్యాహ్నం తల్లి అంట్లు తోముతుంటే షెడ్డులోంచి చప్పుడు మొదలైంది. పెడలు మూడుసార్లు కిర్రుమంది. తర్వాత చెప్పులు టపటపమంటూ పరుగెత్తాయి. కాసేపు నిశ్శబ్దం. "ఛీ" అన్న మాట. మళ్లీ పరుగు, మళ్లీ మూడుసార్లు పెడలు.

తల్లి చేతిలో గిన్నె ఆగిపోయింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసే పని అది. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడలు నొక్కి పట్టుకోవాలి. ఒకరు చక్రం దగ్గర కూర్చుని చిన్న మర తిప్పి, బుడగలతో ఉన్న ఆయిల్ బయటికి వదలాలి. ఈ ఇంట్లో ఆ నొక్కే కాలు ఎప్పుడూ ఆమెదే. ఒకసారి "పట్టుకో" అని చెప్పి, ఎవరో పిలిస్తే రోడ్డు మీదకెళ్లి కబుర్లలో పడ్డాడు భర్త. అరగంటకి తిరిగొచ్చి చూస్తే ఆమె ఇంకా నొక్కే ఉంది. "వదలొచ్చుగా పిచ్చిదానా!" అన్నాడు. "నువ్వు చెప్పలేదుగా" అంది. ఆ పూటంతా కాలు పట్టాడు.

ఆమె కిటికీలోంచి చూసింది. టార్పాలిన్ నేల మీద పడి ఉంది. కూతురు పెడలుకీ సీటుకీ మధ్య ఒక కర్ర ఇరికించి, వెనక చక్రం దగ్గరికి పరుగెత్తుతోంది. చేతులనిండా ఆయిల్, ముఖం మీద చెమట. సాయం అడగడానికి ఒక్క మనిషి లేక, ఇంట్లో ఉన్న ఒక్క మనిషినీ అడగలేక. కర్ర జారి కింద పడింది.

ఇదే బ్రేకుతో రేపు వెళ్తుంది. అడగదు. వెళ్లిపోతుంది.

తల్లి చేతులు తుడుచుకుని షెడ్డులోకి నడిచింది.

"ఆ కర్ర అవతల పారెయ్."

"అమ్మా?"

"పెడలు కిందికి దిగిందో లేదో కర్రకి తెలుస్తుందా? లే."

తొట్టె సీట్లో కూర్చుంటే ఆమె కాలు పెడలుకి అందలేదు. "మీ నాన్న సీటయితే ముందుకి జరిగేది" అని గొణిగింది. కూతురు ఇంట్లోకెళ్లి తలగడ తెచ్చి వీపు వెనక పెట్టింది. తల్లి ఒకసారి నొక్కి చూసింది. పెడలు నానిన రొట్టెలా మెత్తగా కిందిదాకా పోయింది.

"ఏ చక్రంతో మొదలెట్టావు?"

"ముందు కుడిదానితో."

"అక్కడే పొరపాటు. దూరపు చక్రంతో మొదలెట్టాలి. వెనక ఎడమది. గాలంతా ఆ చివరికెళ్లి దాక్కుంటుందనేవాడు."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"ముప్పై ఏళ్లు తొక్కానే ఈ పెడలు. నాకు బండి నడపడం రాదు గానీ ఆపడం వచ్చు."

కూతురు వెనక ఎడమ చక్రం దగ్గర బోర్లా పడుకుంది. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి కనిపించడం లేదు.

"నొక్కు."

"నొక్కా."

"పట్టుకో."

"పట్టుకున్నా."

పెడలు నెమ్మదిగా దిగింది. "అబ్బో, బుడగలే బుడగలు" అంది కూతురు. "వదులు. మళ్లీ నొక్కు."

అలా అయిదారుసార్లయ్యాక తల్లి ఎదురుగా ఉన్న అద్దంలోకి చూస్తూ అంది. "నువ్వు పనికెళ్లాక రోజూ ఇక్కడికొస్తానే."

"ఎక్కడికి?"

"నీ నెత్తి మీదున్న తలుపు తీసి, వెనక కూర్చుని టీ తాగుతా. మళ్లీ టార్పాలిన్ కప్పేసి వెళ్లిపోతా. నిన్న కూడా కూర్చోబోయాను. కింద పడ్డా."

వెనక నుంచి స్పానరు చప్పుడు ఆగిపోయింది. తర్వాత ముక్కు ఎగబీల్చిన శబ్దం.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అమ్మేస్తావేమోనని భయం. అడగలేదు."

"అమ్మడమా! నేనెందుకు ఇదంతా చేస్తున్నాననుకున్నావ్?" అంది కూతురు. "పదమూడేళ్లప్పుడు, జోరు వానలో, నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ మైదానంలో బండిని గిర్రున జార్చాడు. భయమేస్తే బ్రేకు మీద పడకు, జారే వైపే స్టీరింగ్ తిప్పు అన్నాడు. అమ్మకి చెప్పావంటే ఇద్దరికీ అన్నం ఉండదన్నాడు. నాకు నాన్న అంటే ఆ రోజే గుర్తొస్తుంది. నీకు చెప్పుకుందామంటే నువ్వు మిషను తొక్కుతున్నావు. షాపులో చెప్పుకుందామంటే వాళ్లకి నాన్న ఎవరు?"

కూతురు లేచి కూర్చుని, ఆయిల్ చేతుల్తోనే కళ్లు తుడుచుకుంటూ, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ముందు సీట్లో తల్లి కళ్లు కూడా ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. నాలుగు నెలలుగా ఈ షెడ్డులో పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. ఒకే మనిషి కోసం వచ్చి, ఒకరికొకరు కనపడకుండా తలుపు వేసుకుని వెళ్లిపోయారు. ఆ లెక్కన ఎన్ని పూటలు పోయాయి!

"అమ్మా" అంది కూతురు కాసేపటికి. "ఇంకా పట్టుకునే ఉన్నావా?"

"నువ్వు వదలమనలేదుగా."

కూతురు ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది.

నాలుగు చక్రాలూ అయ్యేసరికి ఎండ షెడ్డు గుమ్మం దాటిపోయింది. తల్లి ఆఖరుసారి నొక్కింది. పెడలు రాయిలా ఆగింది.

"బాబాయినడిగి సీటు ఇప్పుడే తెచ్చేస్తా" అంది కూతురు.

తల్లి వెనక్కి తిరిగి ఆ ఖాళీ రేకుని చూసింది. అది ఖాళీగానే ఉంటుంది. సీటు తెచ్చి పెట్టినా అక్కడి నుంచి కనపడాల్సింది కనపడదు. "వద్దులే" అంది. "నిన్న ముగ్గురు దాని మీద కూర్చుని నవ్వుకుంటున్నారు. ఉండనీ. ఈ ముందు ఎడమ సీటు మాటేంటి?"

"అది రాత్రికి పీకుదామనుకున్నా. పదకొండు కిలోలు."

"పీకకు. రేపు నేనొస్తా."

"నువ్వా! భయమేస్తుందమ్మా."

"నాకు తెలియకుండా తండ్రీకూతుళ్లిద్దరూ తిరిగారుగా. నా వంతు మిగిలిపోయింది. నా బరువు యాభై నాలుగు. రాసుకో."

కూతురు సుద్దముక్క తీసుకుని గోడ దగ్గరికెళ్లింది. తీసిన బరువు మొత్తం అరవై ఒకటి. దాని కింద 'అమ్మ – 54' అని రాసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిట్టూర్చింది. "నాలుగు నెలల కష్టం. నికరంగా ఏడు కిలోలు."

ఆదివారం ఉదయం టార్పాలిన్ మడిచి అటక మీద పెట్టారు. తల్లి మంచి బట్టలు కట్టుకుని, అలవాటు కొద్దీ వెనక తలుపు వైపు నడిచి, ఆగింది. కూతురు బండి చుట్టూ తిరిగొచ్చి, ముందు ఎడమ తలుపు తీసి పట్టుకుంది.

"ఎక్కడికి వెళ్లాలి మేడమ్?"

తల్లి తల తిప్పి చూసింది. కూతురి చెవి వెనక, అచ్చం అతని పుట్టుమచ్చ ఉండే చోటనే, ఆయిల్ చుక్క ఒకటి అంటుకుని ఉంది. వేలితో తుడవబోయి, ఊరుకుంది. ఎక్కి కూర్చుని, బింకంగా ముందుకి చూసింది.

"అడ్డంగా పోనియ్" అంది. "మీటరు వెయ్యకు."