వెర్లిన్ దాచిన సంగతి

ఆ ఊళ్లో స్కూలు బస్సులు నడిపేవాళ్లందరికీ వెర్లిన్ ముక్కంటే మహా గురి. ఇంజన్ మీదికి ఒక్కసారి వంగి వాసన చూసి, కారుతున్నది నూనో, రేడియేటర్ నీళ్లో చెప్పేసేవాడు. నెబ్రాస్కా చలిలో ముప్పై ఏళ్లు డీజిల్ బస్సులు బాగుచేసిన మనిషి మరి. కానీ కొత్తగా రాబోయే ప్రొపేన్ గ్యాస్ బస్సుల శిక్షణ మాటెత్తితే చాలు, ముఖం గంటుపెట్టుకునేవాడు.

ఆ సోమవారం పొద్దున భార్య డార్లా పెనం మీద బేకన్ మాంసం ముక్కలు వేసి, "కాస్త తిప్పుకుని తిను, పేపరు చదువుతూ కూర్చోకు" అని చెప్పి తన బస్సు రూటుకి వెళ్లిపోయింది. కూతురు జొలీన్ కోటు తొడుక్కుంటోంది. ఆమెదీ అదే షెడ్డు, అదే పని. నిరుడు లింకన్ నగరం వెళ్లి గ్యాస్ బస్సుల రిపేరు నేర్చుకొచ్చింది. ఇవాళ్టి నుంచి మిగతావాళ్లకి ఆమే నేర్పాలి. సర్టిఫికెట్ లేనివాళ్లు వేసవి తర్వాత బస్సు ముట్టుకోవడానికి వీల్లేదు.

"నీ పేరు కూడా రాశాను నాన్నా."

"నన్నడక్కుండా ఎవరు రాయమన్నారు? కొట్టెయ్."

కూతురి దగ్గర నేర్చుకోవడం నామోషీయా అని ఆమె నిలదీసింది. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. జొలీన్‌కి కళ్లనీళ్లొచ్చాయి. విసురుగా బయటికెళ్లి, ట్రక్కు అద్దం మీది మంచు అంతా గీకాక తాళాలు మర్చిపోయానని గుర్తొచ్చింది.

వెనక్కొస్తుంటే వరండాలోనే మాడు వాసన గుప్పుమంది. లోపల పెనం మీద బేకన్ బొగ్గయిపోతోంది. పొయ్యికి వీపు పెట్టి, రెండడుగుల దూరంలో, వెర్లిన్ తీరిగ్గా కాఫీ తాగుతున్నాడు.

ఆమె పరుగున వెళ్లి పొయ్యి ఆపింది. "నాన్నా, నీకు తెలియలేదా?"

ఆయన కప్పు బల్ల మీద పెట్టాడు.

"రెండేళ్ల కిందట జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచీ ఏ వాసనా తెలియట్లేదు తల్లీ. షెడ్డులో ఊరికే వంగుతున్నాను, ఊహించి చెప్తున్నాను. డీజిల్ కారితే నేలమీద మరకైనా కనబడుతుంది. మీ గ్యాస్‌కి అదీ లేదు, వాసనొక్కటే ఆధారం. నావల్ల పిల్లలకేమైనా అయితే?"

ఇన్నాళ్లూ దాన్ని పొగరనుకున్నందుకు జొలీన్‌కి సిగ్గేసింది. వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పే మొదటి పాఠమే అది నాన్నా, ముక్కుని నమ్మొద్దని. కాసేపు పీలిస్తే ఎవరి ముక్కైనా మొద్దుబారుతుంది. గ్యాస్ కనిపెట్టే మీటరు పెట్టి చూడాలి, సబ్బునీళ్లు కొట్టాలి. నువ్వు చేసిన తప్పల్లా దాచడమే. నీ పక్కన పనిచేసేవాళ్లకి తెలియాలి కదా."

ఎనిమిదింటికి షెడ్డులో, ఏడుగురు మెకానిక్కుల ముందు వెర్లిన్ టోపీ తీసి నిలబడ్డాడు. ఉన్నదంతా చెప్పేశాడు. ఆయన పాత జోడీదారు ఓర్విల్ గొంతు సవరించుకున్నాడు.

"మొన్న రేడియేటర్ కారుతోందన్నావే, అవి అద్దం తుడిచే నీళ్లు. నీ ముక్కు కదా అని నోరు మూసుకుని రేడియేటర్ మొత్తం విప్పాను."

అందరూ పగలబడి నవ్వారు. వెర్లిన్ కూడా నవ్వాడు.

జొలీన్ పాఠం కోసం బిగించిన పైపులో ఎక్కడో కావాలనే లీకు పెట్టి ఉంచింది. తండ్రి చేతికి సబ్బునీళ్ల సీసా ఇచ్చింది. ఆయన మోకాళ్ల మీద జరుగుతూ, ఒక్కో అతుకు మీదా చల్లి, ఓపిగ్గా చూశాడు. నాలుగో అతుకు దగ్గర సన్నటి బుడగలు లేచాయి.

"ఇక్కడ" అన్నాడు.

రెండేళ్ల తర్వాత ఆయన ఊహించకుండా చెప్పిన మొదటి మాట అది. జొలీన్ కళ్లు తుడుచుకుని, ఆయన పేరు పక్కన టిక్కు పెట్టింది.