పచ్చ బటన్ నొక్కిన వినీల

ఆ ఆదివారం ఉయ్యూరు చర్చిలో రూతమ్మ అందరినీ పేకాటకు రమ్మని పాడింది. అదీ తెర వంక చూస్తూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని మరీ పాడింది.

తప్పు రూతమ్మది కాదు, ఆమె మనవరాలు వినీలది. పాటలను లాప్‌టాప్ నుంచి గోడ మీది తెరకు ఎక్కించే పని వినీల చూసుకుంటుంది. ఆ తెర మీది పెద్ద పెద్ద అక్షరాలు చూస్తూనే రూతమ్మా, ఆమె వరుసలోని ముసలమ్మలూ ఇంత వయసొచ్చాక చదవడం నేర్చుకున్నారు. తెర మీద ఏది కనబడితే అది రాగంలో పెట్టి పాడేయడం వాళ్ళకు అలవాటు. ఆ రోజు రెండో చరణం మధ్యలో కన్నుకొట్టే అమ్మాయి బొమ్మ ఒకటి తెర మీదికి ఎగిరొచ్చింది. కింద రంగురంగుల అక్షరాలు: 'రండి, పేకాడండి, లక్షలు గెలవండి!' ముసలమ్మల వరుస ఆ మాటల్ని అదే రాగంలో, చప్పట్లతో సహా అందుకుంది.

గిటార్ ఠక్కున ఆగింది. వాయిస్తున్న ఆరోన్ గిటార్ వెనక ముఖం దాచుకుని నవ్వుతున్నాడు. విజయవాడలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కుర్రాడు, ఈమధ్యే ప్రతి ఆదివారం ఇక్కడికి వచ్చి వాయిస్తున్నాడు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద యేసుకుమార్ గారు మెట్ల మీదే తీర్పు చెప్పేశారు.

"ఇక తెర వద్దమ్మా. పాటల పుస్తకాలున్నాయిగా."

వినీల ఆయనకు అడ్డం వచ్చింది. పుస్తకాల్లోని సన్నటి అక్షరాలు ముసలమ్మల కళ్ళకు ఆనవు. వాళ్ళు మళ్ళీ ఊరికే పెదాలు కదుపుతూ కూర్చోవాల్సిందే.

"వచ్చే ఆదివారం ఒక్కసారి చూడండి అంకుల్. మళ్ళీ ఇలా జరిగితే నేనే విప్పేస్తాను."

"సరే. ఆ పిల్ల మళ్ళీ కన్నుకొట్టిందో..." అని మిగతా మాట మింగేసి ఆయన వెళ్ళిపోయారు.

వెనకాల కిసుక్కుమన్నారెవరో. చూస్తే ఆరోన్.

"నవ్వడం అయిందాండీ?"

"సారీ అండీ. మీ నాయనమ్మ గారు అంత శ్రుతిలో పాడారు మరి! ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడిది?"

"నెట్‌లో ఫ్రీ అంటే దింపుకున్నా. పెద్ద పచ్చ బటన్ ఉంది, నొక్కా. తర్వాత నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్."

"చదవకుండానే?"

"అవన్నీ చదువుతూ కూర్చుంటారా ఎవరైనా?"

"మీ నాయనమ్మ గారైతే చదివేవారు."

వినీలకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాట నిజమే. "శనివారం వచ్చి బాగుచేసి పెడతారా?" అని అడిగేసింది, ముఖం పక్కకు తిప్పుకునే.

శనివారం వాన మొదలైంది. చెరుకు లారీలు రోడ్డు పక్కన బారులు తీరాయి. తడిసి ముద్దై ఇంటికి వచ్చిన ఆరోన్‌కు తువ్వాలు ఇచ్చి, రూతమ్మ వేరుశనక్కాయల చేటతో వాళ్ళ ఎదురుగానే చతికిలబడింది.

"ఈ నాలుగూ మీరు పిలిచినవేనా?" పాటల సాఫ్ట్‌వేర్‌తో పాటు లాప్‌టాప్‌లో చేరిన వేరే ప్రోగ్రాములు చూపిస్తూ అడిగాడు ఆరోన్.

"ఒక్కదాన్నీ పిలవలేదండీ!"

"పిలిచారు. నెక్స్ట్ పైన చిన్న టిక్కులుంటాయి. అవి తీసేయకపోతే పెళ్ళికొడుకుతో పాటు చుట్టాలంతా దిగిపోతారు."

రూతమ్మ పకపకా నవ్వింది. వినీల నవ్వాపుకుంది. "అయితే ఫ్రీవి అసలు వాడకూడదా?"

"ఎందుకు వాడకూడదు? మంచివి బోలెడున్నాయి. కొందరు తాము రాసిన కోడ్ కూడా అందరికీ చూపించి మరీ ఇస్తారు. కొందరు ఇంట్లో వాడుకుంటే ఫ్రీ, సంస్థలకి కాదంటారు. అందుకే షరతులు చదవాలి. అన్నిటికన్నా ముందు, తయారుచేసినవాళ్ళ సైట్‌కే వెళ్ళి తీసుకోవాలి. మధ్యలోవాళ్ళని నమ్మకూడదు. దింపాక వైరస్ ఉందేమో చూసుకుని అప్పుడు ఎక్కించాలి. రండి, మీరే చేయండి."

అక్కరలేనివన్నీ వినీలే తీసేసింది. తయారుచేసినవాళ్ళ సైట్ వెతికి పట్టుకుని, షరతులు పైకి చదివి, ఒక్కో టిక్కూ చూసుకుంటూ పని ముగించింది. ఆరోన్ తెర వంక కాకుండా తన వంక చూస్తున్నాడని తెలిసినా తెలియనట్టే ఉండిపోయింది. వాన తెరిపి ఇచ్చింది గానీ అతను లేవలేదు.

ఆదివారం పాట మొదటినుంచి చివరిదాకా చక్కగా సాగింది. ముసలమ్మలు గొంతెత్తి పాడారు. యేసుకుమార్ గారు తెర మీంచి కళ్ళు తీయలేదు. చివర్లో వినీల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "తెర ఉండనీలే. అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యమ్మా, నాకూ ఆనడం లేదు" అన్నారు.

గేటు దగ్గర ఆరోన్ నిలబడి ఉన్నాడు.

"వినీల గారూ, నేను ఇంత దూరం వచ్చేది గిటార్ కోసమే కాదండీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆ మాట కోసమే రాత్రంతా ఎదురుచూసిన సంగతి వినీల పైకి కనబడనివ్వలేదు.

"చూడ్డానికి బాగానే ఉన్నారు. ఆ పచ్చ బటన్ కూడా బాగానే ఉంది."

ఆరోన్ ముఖం వాడిపోయింది. "అంటే... వద్దనా?"

"తయారుచేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళాలని మీరే కదండీ చెప్పారు! మీ అమ్మగారిని తీసుకురండి."

మరుసటి ఆదివారం ఆరోన్ తల్లి స్టెల్లా గారు వచ్చి రూతమ్మ పక్కనే కూర్చుని పాడారు. తర్వాత ఇంట్లో టీ గ్లాసులు చల్లారిపోతున్నా రూతమ్మ ప్రశ్నలు ఆగలేదు.

"మందు గట్రా?"

"అలవాటు లేదమ్మా. కోపం కూడా తక్కువే. పొద్దున లేవడమే కష్టం. ముందే చెబుతున్నా."

"దాస్తున్నదేమన్నా ఉందా?"

"వంట రాదు. వచ్చని మీ అమ్మాయికి చెప్పాడంట!"

"అమ్మా!" అన్నాడు ఆరోన్.

రూతమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. గుమ్మంలో సిగ్గుపడుతూ నిలబడ్డ మనవరాలి వైపు తిరిగింది.

"నేను మొత్తం చదివేశానే పిల్లా. ఇక నొక్కు."