బందరు మేడ మీద కనకాంబరాలు

అద్నాన్ కనకాంబరం కంకుల్ని కత్తెరతో కచకచా కోస్తుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏవండీ, ఆ కత్తెర ఇలా ఇస్తారా?"

ఇచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని గట్టు మీదికి విసిరేసింది.

"కనకాంబరాన్ని ఇలా కొయ్యరు. ఒక్కో పువ్వూ పట్టుకుని మెల్లగా లాగుతారు. కంకి ఉంటే పూస్తూనే ఉంటుంది. మీరు రేపటి పూలు కూడా కోసేశారు."

"సారీ అండీ. గులాబీలు కోసే అలవాటు."

తోట్లవల్లూరు లంకలో ఆ తోట బషీర్‌ది. పెత్తనం మాత్రం అతని కూతురు నీలోఫర్‌ది. అద్నాన్‌కి బందరులో సెహ్రాల షాపు ఉంది. పెళ్లికొడుకు ముఖం మీద వేలాడే పూలతెరలు కట్టడంలో ఆ ఇంటికి మంచి పేరు. మల్లెలు దొరక్క కనకాంబరాల కోసం నేరుగా తోటకే వచ్చాడు.

"వీటికి వాసనుండదు కదండీ," అన్నాడు ఊరుకోలేక.

"మీ మల్లెలు నిఖా అయ్యేలోపే వాడిపోతాయి. నా పువ్వు మర్నాటి వలీమా విందు దాకా రంగు తగ్గదు. బరువు లేదు, పెళ్లికొడుకు మెడ నొప్పెట్టదు. ఇంకేమైనా వంక ఉందా?"

అద్నాన్ బుట్టెడు కనకాంబరాలు కొనుక్కుని వెళ్లాడు. ఆ వారం నుంచి పూల వంకతో బస్సెక్కడం మొదలుపెట్టాడు. పువ్వు లాగడం నేర్చుకున్నాడు.

ఒక సాయంత్రం సన్నగా జల్లు పడింది. తడిసిన ఎండు కాయలు టప్‌టప్‌మని పేలి గింజలు ఎగిరాయి. ఒకటి సూటిగా అతని చెంపకు తగిలింది. నీలోఫర్ పకపకా నవ్వింది. మనవాడి పని ఆ నవ్వుతో అయిపోయింది.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె నవ్వు ఆపి అతన్నే చూసింది.

"మీరంటే నాకిష్టమే. కానీ నా మొక్కలు బతకని ఊరికి నేను రాను. బందరులో బతికించి చూపించండి."

ఆ షరతు విని బషీర్ విసుక్కున్నాడు. "మొక్కలకీ పెళ్లికీ లింకేంటమ్మా?"

"ఉంది నాన్నా. నాకు పేరు తెచ్చిన పని ఇదొక్కటే. దాన్ని ఇక్కడే వదిలేసి ఎలా వెళ్లను?"

అద్నాన్ లంక మట్టి బస్తాలకెత్తి బందరు మోశాడు. మేడ మీద కుండీల్లో ఆమె ఇచ్చిన నారు నాటి, ప్రాణం పెట్టి రెండు పూటలా నీళ్లు పోశాడు. ముందు ఆకుల అంచులు మాడాయి. తర్వాత మొక్కలే ఎండిపోయాయి.

తండ్రీకూతుళ్లు చూడటానికి వస్తున్నారని తెలిసి అద్నాన్ తల్లి హఫీజా, "నర్సరీవి తెచ్చి పెట్టరా, ఎవరికి తెలుస్తుంది?" అంది. అద్నాన్ వినలేదు.

"బతకలేదండీ. ఒక్కటి కూడా," అని వాళ్లు మేడెక్కగానే నీలోఫర్‌కి చెప్పేశాడు.

ఆమె కుండీ దగ్గర కూర్చుంది. మట్టిని వేళ్లతో నలిపి చూసింది. బకెట్లో నీళ్లు నాలిక మీద వేసుకుని ముఖం చిట్లించింది.

"ఇవేం నీళ్లు?"

"బోరువండీ."

"ఉప్పు. ఇవి పోస్తే కనకాంబరం ఎలా బతుకుతుంది? మట్టికేం, బంగారం. వాననీళ్లు పట్టుకోడానికి తొట్టి కట్టాలి. కుండీలకి చిల్లులు పెద్దవి చెయ్యాలి, నీరు నిలిస్తే వేరు కుళ్లిపోద్ది."

"అంటే నాకు ఇంకో ఛాన్స్ ఇస్తున్నట్టేనా?"

"మీకా? మళ్లీ చంపేస్తారు." నీలోఫర్ చేతులు దులుపుకుని నిటారుగా నిలబడింది. "నా మొక్కలు బందరుకి ఓడిపోయాయంటే నేనొప్పుకోను. నేనే వచ్చి పెంచుతాను."

ఆ మాటకి అర్థం తెలియడానికి అద్నాన్‌కి కాస్త టైం పట్టింది. బషీర్‌కి పట్టలేదు. గర్వంతో ఆయన ఛాతీ పొంగింది.

"ఇది నా కూతురు బాబూ. ఇంక నేను కాదనేదేముంది?"

హఫీజా దగ్గరికొచ్చి ఆ మట్టి చేతుల్నే పట్టుకుంది. "ఎప్పుడొస్తావమ్మా మరి?"

నీలోఫర్ మేడంతా ఒకసారి కలియజూసింది.

"వానాకాలం లోపే తొట్టి కట్టించండి అత్తయ్యా. తొలి వానకి నేనిక్కడ ఉండాలి."