పొగ రాని కుంపటి

యాదలక్ష్మి మెట్లెక్కి వచ్చింది గానీ కూర్చోలేదు. చేతిలోని స్టీలు డబ్బా మూత తీసి, అందులోంచి నల్లటి ఉండ ఒకటి నోట్లో వేసుకుని నమిలింది. మింగిన తర్వాతే మాట్లాడింది.

"బాలింతకు పెట్టే కాయం మందు సారు. గిది తినే మా తమ్ముని పెండ్లాం సచ్చిందంటున్నరు. నాలుగు దినాల సంది పూటకొకటి తింటున్న. నేను సావలే."

పాలమూరులో గడియారం చౌరస్తా పక్కన, చెప్పుల దుకాణం మీది గది అది. పర్వతాలు ముప్ఫై ఏళ్లు ఫైరింజన్ మీద కొలువు చేసి దిగాక, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషి. ముజఫ్ఫర్ ఆయన కారు తోలుతాడు, ఫోటోలు తీస్తాడు, చెప్పింది రాసుకుంటాడు. ఆరేళ్లు పక్కనే తిరిగినా ఆయన ఆలోచన ఎటు మళ్లుతుందో ముజఫ్ఫర్‌కు అందదు. అందకపోవడమే అతనికి ఇష్టం.

పర్వతాలు లేచి వచ్చి డబ్బాలోంచి ఒక ఉండ తీసి తానూ నోట్లో వేసుకున్నాడు. ముజఫ్ఫర్ చెయ్యి సగం లేచి ఆగిపోయింది.

"బెల్లం జర తక్కువైంది" అన్నాడు పర్వతాలు. "ఇప్పుడు కూసో తల్లీ. మొదట్నించి చెప్పు."

ఆమె అప్పుడు కూర్చుంది. ఏడవడం కూడా అప్పుడే.

ఊరు అచ్చంపేట దాటినాక, నల్లమల మొదలయ్యే చోట. తమ్ముడు గోపీకృష్ణ, అతని భార్య మల్లీశ్వరి. పోయేనాటికి మల్లీశ్వరికి కొడుకు పుట్టి ఇరవై ఒక్క దినాలు. బాలింత తల్లిగారింట్లో ఉండాలి. కానీ తల్లి గుర్వమ్మది గడ్డి కప్పు కొట్టం, ఒంటి మనిషి. అందుకని గోపీకృష్ణ అత్తనే తన కొత్త స్లాబింటికి పిలిపించాడు. పుట్టువెంట్రుకల్లేవు, తొట్టెలో వేయడం లేదు, ఇంకా ఏ ముచ్చటా తీరలేదు. ఇరవై ఒకటో నాడు పిల్లవాడిని చూడటానికి చుట్టాలు వచ్చి పోయారు. మర్నాడు పొద్దున మల్లీశ్వరి లేవలేదు.

"కాయం నేను చేసిన. ఆమె తిన్నది, గుర్వమ్మత్త తిన్నది. ఆమె పోయింది, అత్త కక్కుకున్నది. పిల్లగాడు రాత్రి గుక్క పట్టి ఏడుస్తుంటే నేను ఎత్తుకపోయి నడిమింట్ల నా పక్కల పండపెట్టుకున్న. వాడు మంచిగున్నడు, నేను మంచిగున్న. ఇగ చూడు సారు, ఊరంతటికీ నేనే కనబడ్తున్న. పన్నెండేండ్ల సంది కడుపు పండని దాన్నాయె. పిల్లగాని కోసం సంపిందంటున్నరు."

"పోలీసులు?"

"కడుపుల ఉన్నయి, రక్తం పట్నం ల్యాబుకు పంపిండ్రంట. జవాబుకు నెల పడ్తదంట. ఎల్లుండి ఎస్సై సారు నన్ను తీస్కపోతడని అంటున్నరు. పోతె పోత. పిల్లగాన్ని ముట్టనిస్తలేరు సారు. వానికి నా భుజం మీదనే నిద్ర పడ్తది."

పర్వతాలు కిటికీ అవతల చూస్తూ ఒక్క ప్రశ్న అడిగాడు. "సచ్చిపోయినప్పుడు మల్లీశ్వరి మొకం ఎట్లుండె?"

యాదలక్ష్మి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎర్రగ, సారు. పసుపు కుంకుమ రుద్ది తానం చేయించినట్టు. పెండ్లినాడు గూడ గంత కళ లేకుండె."

"కారు తియ్యి ముజఫ్ఫర్" అన్నాడు పర్వతాలు.

*

గోపీకృష్ణ వాకిట్లో నిలబడి ఉన్నాడు. అక్క కారు దిగుతుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ రాత్రి నువ్వెక్కడున్నవు?" అని అడిగాడు పర్వతాలు.

"పల్లి చేను కాడ సార్. అడివిపందులు ఒక్క రాత్రి జొచ్చినయంటే చేను లేదు. పొద్దు పొడిచినంక ఇంటికొచ్చిన."

"చలికి?"

"గదో, దాన్ని తీస్కపోత." నీళ్ల తొట్టి పక్కనున్న ఇనుప కుంపటిని చూపించాడు. "పొగ రాని కుంపటి. కండ్లు మండవు, కావలి మంచిగైతది. గా దినం సుట్టాలు వాకిట్ల కూసుంటరని ఇంటి కాడనే ఇడిసిపెట్టి పోయిన."

"వాకిట్ల ఎక్కడ పెట్టిండ్రు?"

"యాపచెట్టు కింద."

"మరి ఇప్పుడు తొట్టి కాడుంది."

గోపీకృష్ణ ఆ సంగతి మొదటిసారి గమనించినట్టు చూశాడు. "తెల్వదు సార్. నేనొచ్చేటాళ్లకు గీడనే ఉండె. ఆ దినం సంది దాన్ని ఎవ్వరం ముట్టలే."

పర్వతాలు కుంపటి ముందు గొంతుక్కూర్చున్నాడు. పెద్ద గంజు గిన్నెంత ఉంది. జానెడున్నర ఎత్తు, మూడు పొట్టి కాళ్లు, రెండు పిడులు. ఒక గోడ లోపల ఇంకో గోడ. కిందా పైనా వరసగా బెజ్జాలు. పక్కన తెల్ల పెయింటుతో "బయట మాత్రమే" అని రాసి ఉంది. అడుగు పళ్లెం లాగి బూడిదను పాత పేపరు మీద పోయించాడు. వేలితో కలియబెట్టాడు. సగం మాడిన చిన్న చిన్న గింజలు, నల్లగా ముడుచుకున్న పలచటి పొట్టు కనిపించాయి. గింజ ఒకటి నలిపి ముజఫ్ఫర్ ముక్కు దగ్గర పెట్టాడు.

"వాము" అన్నాడు ముజఫ్ఫర్. "ఇది ఎల్లిపాయ పొట్టు."

"చలిమంటల వాము ఎవరన్న వేస్తరా?"

"వెయ్యరు సార్."

"ఫోటో తియ్యి."

బాలింత గది చిన్నది. తెల్ల బండలు పరిచిన నేల, అల్యూమినియం కిటికీ. కిటికీ పట్టీల సందుల్లో పాత చీర పేలికలు గట్టిగా దోపి ఉన్నాయి. మూలన నవారు మంచం. పర్వతాలు దాన్ని పక్కకు జరిపించాడు. తెల్ల బండల మీద రూపాయి బిళ్లంత గోధుమ రంగు మచ్చలు మూడు, ముక్కోణంగా. మంచాన్ని తిరగేస్తే నడుమ నవారు కింది వైపు గట్టిపడి, రంగు మారి ఉంది.

ముజఫ్ఫర్ అన్నీ ఫోటోలు తీశాడు. తీస్తున్నాడే గానీ దేనికి ఏది అతకాలో తెలియలేదు. సార్ ముఖం చూశాడు. ఎప్పుడూ ఇలాంటి చోట ఆ ముఖంలో ఒక వెలుగు వస్తుంది. ఈసారి రాలేదు.

గుర్వమ్మ నడిమింట్లో మనవడిని ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. యాదలక్ష్మి గడప దగ్గరే ఆగిపోయింది.

"గామెను లోపటికి రానియ్యకుండ్రి" అంది గుర్వమ్మ.

"రాదు. నువ్వేడ పండుకున్నవమ్మా ఆ రాత్రి?"

"బాలింత అర్రలనే. తలుపు మూలకు, సాప మీద."

"ఏం తిన్నరు?"

"గదే కాయం. నా బిడ్డ రెండు తిన్నది, నేనొకటి తిన్న. కోడి కూసే యాళ్లకు నాకు తల పగిలిపోబట్టె. బయటికొచ్చి కక్కిన. ఎవుసం చేసిన ఒళ్లు, నాకు గట్లెన్నడు గాలే." గడప వైపు చూసింది. "నిప్పు లేంది పొగ రాదు సారు."

పర్వతాలు ఆమెను చాలాసేపు చూశాడు. బయటికొచ్చి, కుంపటి ఎవరి దగ్గర కొన్నాడో గోపీకృష్ణను అడిగాడు.

*

అచ్చంపేటలో రజాక్ వెల్డింగ్ షెడ్డు ముందు అలాంటి కుంపట్లే ఐదారు ఉన్నాయి. చావు కబురు అతనికి ఇంకా పూర్తిగా తెలియదు. పొంగిపోయి చూపించబోయాడు.

"కింద బెజ్జాల గాలి పోతది సార్. రెండు గోడల నడుమ ఏడెక్కి పై బెజ్జాల నుంచి వస్తది. పొగను బయటికి రానియ్యకుండ ఆడనే కాల్చేస్తది."

"మంట ఉన్నంతసేపు" అన్నాడు పర్వతాలు.

"మంట ఉన్నంతసేపే." రజాక్ గొంతు తగ్గింది. "బయటనే వాడాలని రాసిన సార్. ప్రతీ దాని మీద రాసిన."

"రాసినవు భాయ్. గోపీకృష్ణ ఇంట్ల దించిననాడు నోటితోని ఏం చెప్పినవు?"

రజాక్ చేతిలోని సుత్తిని నేల మీద పెట్టాడు. "అమ్ముకునేటోని మాటలు సార్. పొగ రాదు, పసిపిల్ల పక్కన పెట్టినా కండ్లు మండవన్న."

"అప్పుడు ఆ మాట ఎవరెవరు ఇన్నరు?"

"గోపీకృష్ణ. ఇంక అరుగు మీద వాళ్లత్త కూసోనుండె. మంచిగ చెప్పినవు కొడకా అన్నది."

తిరిగి వస్తుంటే ముజఫ్ఫర్ ఉండబట్టలేక అడిగాడు. "ఎవరు సార్?"

"తెల్సింది" అన్నాడు పర్వతాలు. కాసేపటికి, "ఇంకెవరన్న అయ్యుంటే బాగుండు" అన్నాడు.

*

మర్నాడు పొద్దుగూకే వేళకు అందరినీ వాకిట్లో కూర్చోబెట్టాడు. గోపీకృష్ణ, గుర్వమ్మ, ఆమె ఒళ్లో పిల్లవాడు, దూరంగా యాదలక్ష్మి, రజాక్. గోడ అవతల నలుగురైదుగురు ఆడవాళ్లు. వేపచెట్టు కింద కుంపటి పెట్టి, ఎండిన తుమ్మ కట్టెలు వేసి అంటించాడు. మంట గుండ్రంగా లేచింది. పొగ లేదు. చలికి అందరూ తెలియకుండానే దగ్గరికి జరిగారు.

"అందరూ ఏం తిన్నరని అడిగిండ్రు" అన్నాడు పర్వతాలు. "కాయం యాదలక్ష్మి నాలుగు దినాలు తిన్నది, నా ముంగట తిన్నది, నేనూ తిన్న. అండ్ల ఏం లేదు. మల్లీశ్వరి ఏం పీల్చిందని మాత్రం ఎవ్వరూ అడగలే."

ఆయన కుంపటి వైపు చెయ్యి చూపాడు.

"మంట ఉన్నప్పుడు ఇది పొగను కాల్చుకుంటది. మంట పడిపోయి నిప్పులు మిగిల్తె ఇది కూడ మామూలు కుంపటే. నిప్పుల నుంచి ఒక గాలొస్తది. దానికి రంగు లేదు, వాసన లేదు. బయట అయితె గాలి కొట్టుకపోతది, ఏం కాదు. మూసిన అర్రల అయితె మనిషిని నిద్రలనే తీస్కపోతది. గట్ల పోయినోళ్ల మొకం నీలంగ కాదు, ఎర్రగైతది. నా కొలువుల ఎనిమిదిమందిని అట్ల బయటికి మోసిన. కొందరి మొకాలు గట్లనే ఉండె, నిద్రపోతున్నట్టు."

ముజఫ్ఫర్‌కు ఆ మాట ఆరేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు ఆయన.

"బాలింత మంచం కింద బండల మీద మూడు మచ్చలున్నయి. గీ కుంపటికి మూడు కాళ్లు. మంచం నవారు కింద మాడింది. కిటికీ సందుల్ల గాలి పోకుండ పేలికలున్నయి. బూడిదల వాము, ఎల్లిపాయ పొట్టు ఉన్నయి. చలిమంటల గవి ఎవ్వరూ వెయ్యరు. బాలింతకు ధూపమేసే మనిషే వేస్తది. సాయంత్రం యాపచెట్టు కిందున్న కుంపటి తెల్లారి తొట్టి కాడికి వచ్చింది. నడుమ అది ఇంట్లకు పోయొచ్చింది."

పర్వతాలు లేచి గుర్వమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. గొంతు చాలా తగ్గించాడు.

"నీ కానుపుకు మీ అమ్మ మంచం కింద కుంపటి పెట్టిందామ్మా?"

గుర్వమ్మ ఆయనను చూసింది. అందులో దాచడానికి ఏముందన్నట్టు తలూపింది. "పెట్టింది. మా అవ్వ మా అమ్మకు పెట్టింది. బాలింతకు నడుము కాగాలె గద సారు."

"అది కొట్టమమ్మా. గడ్డిల నుంచి, తడికెల నుంచి గాలి పోతది వస్తది. ఇది స్లాబు."

"పొగుంటే పిల్లగాని కండ్లు పోతయని నేను మట్టి కుంపటి పెట్టలే సారు. గీ రజాక్ పిల్లగాడు చెప్పిండు గద, పొగ రాదని. సుట్టాలు లేచినంక నిప్పులు మస్తుగుండె. అయ్యో, గింత నిప్పు వాకిట్ల వృథా అయితాందని..." ఆమె ఆగింది. చెప్పిన మాట తనకే అప్పుడు వినబడింది.

"పొగ మంచిదమ్మా" అన్నాడు పర్వతాలు. "కండ్లు మండిచ్చి, దగ్గు తెప్పిచ్చి లేపుతది. కావలి కుక్క లెక్క. పిల్లగాడు ఏడ్చిండంటే వానికే ముందు ఊపిరాడలే. యాదలక్ష్మి వాన్ని ఎత్తుకపోయింది గనుక వాడున్నడు. నువ్వు తలుపు కింది సందు కాడ పండుకున్నవు గనుక నువ్వున్నవు. రక్తం పరీక్ష చేస్తే తేల్తదని ఎస్సైకి రాసిచ్చిన. యాదలక్ష్మిని తీస్కపోరు. ఇందుల ఎవ్వరూ ఎవ్వరినీ సంపలే."

గోపీకృష్ణ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. రజాక్ నేలను చూస్తున్నాడు. గోడ అవతల ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయారు.

గుర్వమ్మ కంట్లో నీరు లేదు. తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"కోడి కూసినంక కుంపటి బయట పెట్టొచ్చి నా బిడ్డ కాలు ముట్టి చూసిన సారు. వెచ్చగుండె. మంచిగ కాగింది, పండనియ్యి అనుకున్న. కొంగు కప్పి వచ్చిన."

ఒళ్లో పిల్లవాడు కదిలి ఏడుపు అందుకున్నాడు. గుర్వమ్మ వాడిని ఊపలేదు. రెండు చేతులా ఎత్తి యాదలక్ష్మి వైపు చాపింది. "తీస్కో బిడ్డా. నేను పట్టుకోవద్దు."

యాదలక్ష్మి వచ్చి పిల్లవాడిని భుజాన వేసుకుంది. వాడు రెండు ఎక్కిళ్లు పెట్టి ఊరుకున్నాడు. ఆమె వెనక్కి పోలేదు. గుర్వమ్మను ఆనుకునే నేల మీద కూర్చుంది.

"అత్తా, పిల్లగాన్ని ఎత్తుకపోయేటప్పుడు అర్రల ఉడ్కగుండె" అంది మెల్లగా. "నాకు తెలిసింది ఉడ్కగుందని. అయినా బాలింతకు గాలి తగుల్తదని తలుపు నేనే గట్టిగ దగ్గరికేసిన."

గుర్వమ్మ ఆమె ముఖం కేసి చూసింది. తర్వాత ఆమె మోకాలి మీద తల ఆనించింది.

మంట పడిపోయింది. కుంపటి నిండా నిప్పులు ఎర్రగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. రజాక్ లేచి తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచి దాంట్లో పోశాడు. బుస్సుమని ఒక్కసారిగా తెల్లటి పొగ లేచి వాకిలంతా కమ్ముకుంది. ముజఫ్ఫర్ కళ్లు మండాయి. అందరి కళ్లూ మండాయి. ఎవరూ పక్కకు జరగలేదు.