నూకలు చెల్లిన మాట

సోఫాల షాపు యజమాని తన అద్దాల గదిలోనే శవమయ్యాడు. తల వెనక గాయం. పక్కనే రక్తం అంటిన ఇత్తడి పేపర్‌వెయిట్. గదికీ షాపుకీ మధ్య నిలువెత్తు అద్దం నిండా పగుళ్లు.

"చంపింది మా వదినే," అన్నాడు తమ్ముడు. "పది రోజులు ఊళ్లో లేను. ఇవాళే వచ్చాను. బయట ఈ అద్దం పక్కనే ఉన్నాను. 'ఇవాళ్టితో నీకు నూకలు చెల్లాయి' అంది. చెవులారా విన్నాను."

"అన్నావా?" లేడీ ఇన్‌స్పెక్టర్ భార్యని అడిగింది.

"అన్నాను. కానీ చంపలేదు. ఇంటి దగ్గర పిల్ల ఒక్కతే ఉంది మేడమ్."

"ఒప్పుకుందిగా? బేడీలు వెయ్యండి," అన్నాడు తమ్ముడు.

ఇన్‌స్పెక్టర్‌కి వాడి తొందర నచ్చలేదు. బయటికి పంపి తలుపు వేసింది. గది మూలనున్న బాత్రూంలోకి తొంగి చూసింది. కార్పెట్ అంతా వెతికింది. అద్దం అంతలా పగిలినా ఒక్క పెంకు కూడా రాలలేదు.

"ఎవరు పగలగొట్టారు?"

"ఆయనే. పేపర్‌వెయిట్ నా మీదకి విసిరాడు. కడుపు మండి ఆ మాట అనేసి వెళ్లిపోయాను."

"అప్పుడు తలుపు?"

"వేసే ఉంది. మా గొడవలు విని కస్టమర్లు నవ్వుకునేవాళ్లు. తల కొట్టేసినట్టుండేది. పాత అద్దం పగిలి నా చెయ్యి కూడా తెగింది. అందుకే పోయిన వారం లామినేటెడ్ అద్దం వేయించాను. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పెంకులు ఊడవు, అరుపులు బయటికి పోవు."

ఇన్‌స్పెక్టర్ అద్దం దగ్గరికెళ్లింది. అవతల తమ్ముడు నిలబడి ఉన్నాడు.

"హంతకుడివి నువ్వేరా!" గొంతు చించుకుని అరిచింది.

వాడు వినయంగా తలూపి నవ్వాడు.

ఆమె తలుపు తీసింది. "ఏమన్నాను?"

"కేసు తేలిపోయిందనేగా మేడమ్?"

"తేలింది. హంతకుడివి నువ్వేనన్నాను."

వాడి నవ్వు ఆగిపోయింది.

"మీ వదిన ఆ మాట అన్నది నిజం. నువ్వు విన్నదీ నిజం. కానీ తలుపు వేశాక ఈ గదిలో మాట బయటికి రాదు. వినాలంటే లోపలే ఉండాలి. ఆ బాత్రూంలో నక్కి విన్నావు. ఆమె వెళ్లగానే పని కానిచ్చావు."

"షాపు అమ్మేసి నన్ను రోడ్డున పడేస్తానన్నాడు," వాడు గొణిగాడు. అద్దాన్ని తడిమి చూశాడు. "పాతదే అనుకున్నాను."

వదిన మొదటిసారి వాడి మొహంలోకి చూసింది.

"ఆ మాట అనాల్సింది ఆయన్ని కాదురా, నిన్ను."

బ్యాగు భుజాన వేసుకుని పిల్ల దగ్గరికి బయల్దేరింది.